సెల్లార్లోకి దిగి చూడండి

దేశంలోని పట్టణాల్లో రోజుకు పుట్టే మురుగు 7,236 కోట్ల లీటర్లు. శుద్ధి చేయడానికి ఏర్పాట్లున్నది 3,184 కోట్ల లీటర్లకు. నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో చెప్పిన లెక్క ఇది. ఇంకా కట్టాల్సిన శుద్ధి కేంద్రాల గురించి అందరూ మాట్లాడుతున్నారు. కట్టి కూడా నడపనివాటి గురించే మా ఆందోళన.

హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఈ లెక్క కంటికి కనిపిస్తుంది. అక్కడి మురుగు శుద్ధి కేంద్రంలో తొట్టికి గాలి పంపే బ్లోయరు ఆగిపోయి ఉంటుంది. గాలి అందని తొట్టిలో నీరు నల్లబడి, కంపు మెట్ల దాకా వస్తుంది. అనుమతి కోసం కట్టారు, అది చేతికందాక కరెంటు బిల్లు చూసి ఆపేశారు. మురుగు నాలాలో కలిసి మూసీకి చేరుతుంది. వేసవిలో గేటు ముందు ట్యాంకర్లు బారులు తీరుతాయి. డబ్బు పోసి కొన్న మంచినీరు మరుగుదొడ్డి ఫ్లష్‌లో పోతుంది.

కరెంటు బిల్లే అసలు అడ్డంకి అయితే దానికి దారి ఉంది. ఒత్తిడి పంపు లేకుండా నీటి బరువుతోనే వడకట్టే అతి సన్నని రంధ్రాల పొరలను స్విట్జర్లాండ్‌లోని ఈవాగ్ జల పరిశోధన సంస్థ 2010 నాటికే పరీక్షించి చూపింది. పొర మీద రెండడుగుల పైచిలుకు ఎత్తున నీరు నిలిస్తే చాలు. మామూలుగా పొర మీద పేరుకునే జిగురును రసాయనాలతో కడుగుతారు. ఇక్కడ దాన్ని కదపరు. అందులో పెరిగే ఏకకణ జీవులు, సన్నని పురుగులు ఆ జిగురును తింటూ, తొలుస్తూ నీటికి సందులు చేస్తాయి. మొదట తగ్గిన ధార కొద్ది రోజుల్లో ఒకచోట కుదురుకుని నెలల తరబడి సాగుతుంది. బ్యాక్టీరియా మాత్రం పొర దాటదు.

ధార మరీ సన్నమని ఇంజినీర్లు అంటారు. నిజమే. నది నీటికే చదరపు మీటరు పొర గంటకు 4 నుంచి 10 లీటర్లు ఇస్తుంది. నాలుగు లీటర్ల లెక్కన రోజుకు వెయ్యి లీటర్లకు పది చదరపు మీటర్లు దాటాలి. మురికి ఎక్కువైతే ఇంకా కావాలి. కరిగిన లవణాలను పొర ఆపదు. కానీ స్నానాల నీటిని తేర్చి, వడకట్టి, ఫ్లష్‌కూ మొక్కలకూ మళ్లించడానికి ఇంతకంటే ఏం కావాలి? ప్రభుత్వ హాస్టళ్లలో ముందుగా ఎందుకు పెట్టరు?

అయితే పాత అలవాటు మారకపోతే రేపు ఈ పొరలూ మూలపడతాయి. కట్టారా అని అడిగి, నడుస్తోందా అని అడగకుండా అనుమతులిస్తే, ఆపేసినా ఏమీ కాదని ప్రతి బిల్డరుకూ నేర్పినట్టే. ఒకరిని వదిలేస్తే పక్కవాడు ఎందుకు నడుపుతాడు? శుద్ధి చేసిన నీరు వెళ్లే పైపుకు మీటరు పెట్టించండి. ఆ రీడింగు నెలనెలా నివాసులకు కనిపించాలి. కింద ఆగిన బ్లోయరును చూడని అధికారికి పక్క భవనానికి అనుమతిచ్చే అర్హత లేదు. సంతకం తర్వాత పెట్టొచ్చు, ముందు సెల్లార్లోకి దిగండి.