వాడిన అణు ఇంధనం: టన్నుల లెక్క చాలదు

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్ మీద మహాబలిపురం దాటితే అణు విద్యుత్ కేంద్రం ఉన్న కల్పాక్కం. అక్కడి టౌన్‌షిప్‌లో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అణు వ్యర్థాల మాటెత్తితే ఒకరు ‘ప్రమాదం’ అంటారు, ఇంకొకరు ‘అంతా సేఫ్’ అంటారు. ఏ ఇంధనం, ఎంత కాలింది (అంటే రియాక్టర్‌లో ఎంత వేడి ఇచ్చింది), బయటికి తీశాక ఎన్నేళ్లుగా చల్లారుతోంది? నా దృష్టిలో ముందు అడగాల్సింది ఇది.

కల్పాక్కం పాత రియాక్టర్లది సహజ యురేనియం. ఇంధన కడ్డీల కట్టను బండిల్ అంటారు. అది అరమీటరు పొడవు, అందులో 19 కడ్డీలు. కొత్త బండిల్‌ను మనిషి చేతుల్తో ఎత్తొచ్చు. వాడి తీశాక మాత్రం ఏళ్ల తరబడి నీటి అడుగున ఉంచాలి. టన్నుకు సుమారు 7 వేల మెగావాట్-రోజుల (ఒక మెగావాట్ చొప్పున 7 వేల రోజులు వచ్చేంత) వేడి ఇచ్చి బయటికొస్తుంది. తమిళనాడులోనే ఉన్న కుడంకుళం కేంద్రంలో ఇంధన కడ్డీల అసెంబ్లీ పొడవు నాలుగున్నర మీటర్లు, అందులో ఎన్‌రిచ్డ్ (యురేనియం-235 పాలు పెంచిన) యురేనియం. అది ఇచ్చే వేడి టన్నుకు 40 వేల మెగావాట్-రోజులు దాటుతుంది. అంటే బయటికి తీశాక కూడా, అదే వయసులో టన్నుకు కొన్ని రెట్లు ఎక్కువ వేడి వెలువడుతుంది. ఈ రెండిటినీ కలిపి ‘ఇన్ని టన్నులు’ అంటే నిల్వ గురించి ఏమీ తెలియదు.

ఇంధనం గురించి కేంద్రం రిజిస్టర్‌లో రాసింది నిజమో కాదో కొలిచి చూడొచ్చు. కాలిన ఇంధనంలో పుట్టే సీజియం-137 సగానికి తగ్గడానికి 30 ఏళ్లు పడుతుంది, సీజియం-134కు రెండేళ్లే. ఆ రెండిటి గామా కిరణాలను పోల్చితే ఎంత కాలిందో, ఎప్పుడు బయటికి తీశారో సరిచూసుకోవచ్చు. తొడుగుకు చిల్లి పడిన కడ్డీలను వేరుగా సీల్ చేయాలి. మంచివాటితో కలిపి డ్రై కాస్క్‌లో (నీళ్లు లేకుండా నిల్వ చేసే దళసరి పెట్టెలో) పెట్టకూడదు. ఆగే కొద్దీ అంతా తేలికవుతుందనీ అనుకోవద్దు. ఇంధనంలో పుట్టే ప్లుటోనియం-241 పద్నాలుగేళ్లకు సగమై అమెరీషియం-241గా మారుతుంది. దాంతో మళ్లీ ఇంధనం చేయడం కష్టమవుతుంది.

ఫిన్లాండ్ వాడిన ఇంధనాన్ని నేరుగా భూగర్భంలో పెట్టే దారి ఎంచుకుంది. మనం దాన్ని వనరుగా చూసి, ప్లుటోనియం తీసి, మిగిలిన వ్యర్థాన్ని గాజులో బిగిస్తున్నాం. ఆ విధానం నాకూ సబబే. కానీ ‘ఇది వ్యర్థం కాదు’ అన్నంత మాత్రాన లెక్క చెప్పే బాధ్యత పోదు. కుడంకుళం ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) తనిఖీల్లో ఉంది, కల్పాక్కం రియాక్టర్లు లేవు. కాబట్టి లెక్కలు ఎలాగూ విడివిడిగానే ఉండాలి. కుడంకుళంలో వాడిన ఇంధనానికి విడి నిల్వ కేంద్రం కట్టడానికి 2018లో సుప్రీంకోర్టు 2022 దాకా గడువు పెంచింది. 2019లో దానిపై ప్రజాభిప్రాయ సేకరణ వ్యతిరేకత మధ్య వాయిదా పడింది.

రేపు మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టాలన్నది ప్రణాళిక. అక్కడి ఇంధనం మరో రకం. ప్లుటోనియం వివరాలు, నిల్వ గదుల మ్యాపు రహస్యంగా ఉంచుకోండి, అర్థం చేసుకోగలం. ఇంధనం రకం, కాలిన స్థాయి, వయసు, తొడుగు పరిస్థితి వారీగా ఏటా పట్టిక మాత్రం తెలుగులో, తమిళంలో బయటపెట్టాలి. కొవ్వాడ జనాన్ని సంతకం అడిగే ముందే అది వాళ్ల చేతికి అందాలి.