నరం దేనివల్ల బతుకుతుంది?

కర్నూలులో షుగర్ ఉన్న పెద్దవాళ్లను కదిలిస్తే ఒక మాట తరచూ వినిపిస్తుంది: "నడుస్తూ నడుస్తూ చెప్పు ఊడిపోయింది, నాకు తెలీనే లేదు." అరికాళ్లు మొద్దుబారాక ముల్లు దిగినా తెలియదు. పుండు పడితే ఇంట్లోవాళ్లు చూసి చెప్పాల్సిందే. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు కాళ్లకు వెళ్లేవి. షుగర్ ముందు వాటినే పట్టుకుంటుంది. అసలు ఆరోగ్యంగా ఉన్న నరం దేని ఆసరాతో బతుకుతుంది? దీనికి తొలి జవాబు కోడిగుడ్డులో దొరికింది.

వెతికినావిడ శాస్త్రవేత్త రీటా లెవీ-మోంటాల్చినీ. 1909లో ఇటలీలోని ట్యూరిన్‌లో యూదుల ఇంట పుట్టి, 1936లో డాక్టరయ్యారు. రెండేళ్లకే ముస్సోలినీ ప్రభుత్వ జాతి చట్టాలు యూదులను విశ్వవిద్యాలయాల నుంచి గెంటేశాయి. ఆమె పడకగదినే ల్యాబ్‌గా మార్చుకుని, కుట్టుసూదులను సానబట్టి పరికరాలు చేసుకున్నారు. ట్యూరిన్ మీద బాంబులు పడుతుంటే కుటుంబం పల్లెకు చేరింది. అక్కడ సైకిలెక్కి రైతుల ఇళ్లకు వెళ్లి గుడ్లు తెచ్చుకునేవారు. పుంజు కలిసిన పెట్ట గుడ్లే కావాలి. నాటుకోళ్లను పొదగేసే మనవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. కోడి పిండంలో కాలుగానీ రెక్కగానీ మొలకెత్తే చోటును చిన్నప్పుడే కోసేస్తే, ఆ వైపు వెన్నుపాములో నరకణాలు తగ్గిపోతాయి. అమెరికాలో పనిచేస్తున్న పిండశాస్త్రవేత్త విక్టర్ హాంబర్గర్ 1934లోనే ఇది చూపించారు. అవయవం నుంచి సంకేతం రాక కణాలు తయారు కాలేదని ఆయన వివరణ. రీటా, తన గురువు జ్యుసెప్పె లెవీతో కలిసి, వేర్వేరు వయసుల పిండాలను పలుచని ముక్కలుగా కోసి, నరకణాలు కనబడేలా వెండి లవణాలతో రంగు పట్టించి వరసగా చూశారు. కణాలు తయారవుతున్నాయి, తీగలు కూడా చాస్తున్నాయి, చేరాల్సిన చోటు లేక ఆ తర్వాత చచ్చిపోతున్నాయి! ఫలితం పాతదే, దాన్ని చదివిన తీరు కొత్తది. నా దృష్టిలో ఆమె జీవితంలో నోబెల్ కన్నా పెద్ద ఘట్టం ఇదే. యూదుల వ్యాసాలను ఇటలీ పత్రికలు వేయవు కాబట్టి అది బెల్జియంలో అచ్చయింది. హాంబర్గర్ దాన్ని చదివి, తన వివరణను తప్పుపట్టిన మనిషినే 1947లో అమెరికాకు పిలిపించుకున్నారు. రీటా కొన్ని నెలలకని వెళ్లి దాదాపు మూడు దశాబ్దాలు అక్కడే పనిచేశారు.

అక్కడే జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్‌తో కలిసి నరాలను బతికించే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. అదే నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్. ఎలుక కణితిలో మొదలైన వేట పాము విషం మీదుగా ఎలుక లాలాజల గ్రంథి దాకా సాగింది. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. జ్ఞాపకశక్తికి అవసరమైన కొన్ని మెదడు కణాలు కూడా ఈ ప్రొటీన్ మీదే ఆధారపడతాయనీ, అల్జీమర్స్‌లో అవి కుంగిపోతాయనీ తేలడంతో, పిండం కథ వృద్ధాప్యం దాకా వచ్చింది.

మందుల విషయంలో మాత్రం తొందర పనికిరాదు. షుగర్ వల్ల మొద్దుబారిన కాళ్లకు ఈ ప్రొటీన్‌ను ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగం విఫలమైంది. అల్జీమర్స్‌లోనూ ఆశించిన ఫలితం రాలేదు. చివరికి 2018లో, నరాలు దెబ్బతిన్న కంటి నల్లగుడ్డుకు వేసే చుక్కలుగా అమెరికాలో అనుమతి దొరికింది. అప్పటికి రీటా లేరు. 103 ఏళ్లు బతికి 2012లో వెళ్లిపోయారు. "నరాల బలానికి" అంటూ టానిక్కులు అంటగట్టేవాళ్లను నమ్మే ముందు ఈ అరవై ఏళ్ల ఆలస్యాన్ని తలుచుకోవాలి.

మన దగ్గర బైపీసీ అంటే నీట్, నీట్ అంటే టెన్షన్. సీటు రాని పిల్లలు ఓడిపోయామనుకుంటూ బీఎస్సీ జువాలజీలో చేరతారు. అక్కడా కోడి పిండం ఉంటుంది: 24 గంటలది, 48 గంటలది, 72 గంటలది. ఎప్పుడో తయారైన స్లైడును చూసి, పెన్సిల్‌తో బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, రికార్డు మీద సంతకం పెట్టించుకుంటే అయిపోతుంది. కదలని పిండాన్ని చూస్తే ప్రశ్న ఎలా పుడుతుంది?

పల్లె నుంచి తెచ్చిన నాటుకోడి గుడ్లు, 37.5 డిగ్రీల వేడి నిలిపే చిన్న ఇంక్యుబేటర్, పదునైన బ్లేడు ఉంటే చాలు. మూడో రోజున పెంకుకు చిన్న కిటికీ కోస్తే, ఎర్రటి దారాల్లాంటి రక్తనాళాల మధ్య గుండె టకటకా కొట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. కర్నూలులో వైద్య కళాశాల 1957 నుంచి ఉంది, డిగ్రీ కాలేజీలూ ఉన్నాయి. గుండె కొట్టుకోవడం చూసిన పిల్లలను ఏడాదికి కొన్నిసార్లయినా షుగర్ పాదాలకు కట్టుకట్టే చోటికి తీసుకెళ్లి, న్యూరాలజీ డాక్టర్లతో మాట్లాడించాలి. ఈ పనిని జువాలజీ సిలబస్‌లోనే, మార్కులతో సహా పెట్టాలి. మార్కులు లేకపోతే మన కాలేజీల్లో అది రెండో ఏడాదికే ఆగిపోతుంది.