కొవ్వుకూ రక్తపు గడ్డకూ సంబంధం లేదట!

"గుండెపోటుకు కారణం కొలెస్ట్రాల్ కాదు, రక్తం గడ్డకట్టడమే. వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, యాపిల్ సిడర్ వెనిగర్ కలిపి కాచిన కషాయం తాగితే గడ్డలు కరిగిపోతాయి, ఇక ఏ మాత్రలూ అక్కర్లేదు" అనే సందేశం నాకు మళ్లీ వచ్చింది. పంపినవారిలో ఇద్దరు నాకంటే బాగా చదువుకున్నవారు కాబట్టి, మౌనంగా తుడిచేయడం ఇక మర్యాద అనిపించుకోదు.

అదే సందేశంలో ఉన్న, భోజనం తర్వాత చల్లని నీళ్లు తాగితే రక్తంలోని కొవ్వు పేరుకుంటుందన్న అంశంతో కాలయాపన అనవసరం. తాగిన నీళ్లు ముందు పొట్టలోకి వెళతాయి గాని, చల్లగా నేరుగా రక్తనాళాల్లోకి వెళ్లవు.

కొలెస్ట్రాల్ నిర్దోషి, గడ్డ ఒక్కటే దోషి అనడం నిప్పంటించినవాణ్ణి వదిలేసి మంట మీద కేసు పెట్టడమే. ఏళ్ల తరబడి ధమని గోడలోకి చేరిన ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) వల్ల ఏర్పడిన పూడిక పైపొర చిట్లినప్పుడు, లోపల దాగి ఉన్న టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్, రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లలో ఒకటైన ఫ్యాక్టర్ 7ను కలుస్తుంది, అక్కడి నుంచి త్రాంబిన్, దాని వల్ల గడ్డకు వలలాంటి ఫైబ్రిన్ వరుసగా తయారై గడ్డ కడుతుంది. పుట్టుకతోనే పీసీఎస్‌కే9 జన్యువులో ఒక రకమైన మార్పు ఉన్న నల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ సగటున 28 శాతం తక్కువగా ఉందనీ, గుండె ధమనుల జబ్బు 88 శాతం తక్కువగా కనిపించిందనీ 2006లోనే ప్రచురితమైంది. వాళ్లెవరూ కషాయం తాగి ఆ ఫలితం సాధించలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆ సందేశం రాసినవారికి మార్కులు వేయక తప్పదు. కొవ్వు బాగా ఉన్న భోజనం చేసిన కొన్ని గంటలకే రక్తానికి గడ్డకట్టే స్వభావం పెరుగుతుందని ఆరో వాక్యంలో రాశారు, అది నిజమే. భోజనానంతరం రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరిగినప్పుడు ఫ్యాక్టర్ 7లో కొంత భాగం చైతన్య రూపంలోకి మారుతుంది, తిన్నది వెన్న అయినా ఆలివ్ నూనె అయినా ఈ మార్పు కనిపిస్తుంది. ఫ్యాక్టర్ 7, ఫైబ్రిన్‌గా మారే ఫైబ్రినోజన్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బు ముప్పు ఎక్కువని లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ అధ్యయనం 1986లో చెప్పింది. లైపోప్రోటీన్ లిటిల్-ఎ అనే కొవ్వు కణంలోని ప్రోటీన్, గడ్డను కరిగించే ప్లాస్మినోజన్‌ను పోలి ఉంటుందని 1987లో తేలింది, అంటే కొవ్వుకూ గడ్డకూ చుట్టరికం ఉన్నట్టే. అయితే కొవ్వుకూ గడ్డకూ సంబంధమే లేదని మొదటి వాక్యంలో చెప్పి, ఆరో వాక్యంలో ఆ సంబంధాన్ని తామే ఒప్పుకున్నారని వారు గమనించినట్టు లేదు.

అసలు ప్రమాదం "మాత్రలు మానేయండి" అన్న చివరి సలహాలో ఉంది. రుమాటిక్ జబ్బు వల్ల గుండె కవాటం పాడై లోహపు కవాటం అమర్చుకున్నవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. వారు జీవితాంతం వేసుకునే ఎసిట్రోమ్ గాని వార్ఫరిన్ గాని, గడ్డకట్టకుండా ఆపే మాత్రలే తప్ప, రక్తంలోని కొవ్వును ముట్టుకోవు. విటమిన్ కె పనిని అడ్డుకొని, కాలేయం తయారుచేసే 2, 7, 9, 10 అనే గడ్డకట్టించే ఫ్యాక్టర్లను బలహీనం చేస్తాయి. మాత్ర ఆపిన కొద్ది రోజుల్లోనే ఆ ఫ్యాక్టర్లు తిరిగి పుంజుకుంటాయి, ఆ మనిషికి ఏ తేడా తెలియకుండానే కవాటం మీద గడ్డ మొదలుకావచ్చు, కవాటం బిగుసుకుపోతే ఊపిరాడదు, గడ్డ ముక్క తెగి మెదడుకు చేరితే పక్షవాతం. స్టెంట్ వేయించుకున్న కొత్తలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మానినా స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. వెల్లుల్లికి, గడ్డకట్టడానికి తోడ్పడే రక్తకణాలైన ప్లేట్‌లెట్లను కాస్త మందగింపజేసే గుణం ఉన్న మాట వాస్తవమే, అందువల్లనే ఈ మాత్రలు వేసుకుంటూ దాన్ని మోతాదు మించి తీసుకుంటే రక్తస్రావం భయం తోడవుతుంది.

మైట్రల్ స్థానంలో (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య) లోహపు కవాటం ఉన్నవారికి, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే ఐఎన్ఆర్ పరీక్ష ఫలితం సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఈసారి ఆ సందేశం పంపే పెద్దలు, మాత్రలు మాని కషాయం మాత్రమే తాగిన మనిషి ఐఎన్ఆర్ రిపోర్టు కూడా దయచేసి జతచేయండి.