డెఫ్ డబ్బాలో పొలం యూరియా

ఊళ్లో లారీ కొని, దాన్ని తమ్ముడికో బావమరిదికో అప్పగించి, దూరాన్నుంచి లెక్కలు చూసుకునే మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ లెక్కల్లో డెఫ్ (పొగను శుభ్రం చేయడానికి డీజిల్ బండ్లలో విడిగా పోసే ద్రవం) ఖర్చు కనబడగానే తట్టే ఆలోచన ఒకటే: అది యూరియా నీళ్లేగా, మనమే కలుపుకుంటే పోలా? పోదు. అసలు ఖర్చు అక్కడే మొదలవుతుంది.

డీజిల్ పొగలో ఆక్సిజన్ ఎక్కువగా మిగిలి ఉంటుంది కాబట్టి, పెట్రోలు కార్లలో పొగను శుద్ధి చేసే కన్వర్టర్ ఇందులోని నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులను తగ్గించలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త పెద్ద డీజిల్ లారీలన్నిటికీ ఎస్‌సీఆర్ అనే, డెఫ్‌తో పొగను శుద్ధి చేసే ఏర్పాటు తప్పనిసరి అవసరమైంది. వేడి పొగలోకి డెఫ్ చిమ్మితే అందులోని యూరియా విడిపోయి అమ్మోనియా వస్తుంది. రాగి కలిసిన జియోలైట్ అనే ఖనిజం పూత గానీ, వెనేడియం అనే లోహం పూత గానీ ఉన్న తేనెతుట్టె లాంటి దిమ్మ మీద ఆ అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టుకుని మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. పొగ 200 డిగ్రీల దాకా వేడెక్కకపోతే యూరియా సరిగ్గా విడిపోదు. పైపులో తెల్లటి గడ్డలు కడుతుంది.

వంద కిలోల డెఫ్‌లో 32.5 కిలోల యూరియా, 67.5 కిలోల ఖనిజాలు తీసేసిన నీళ్లు ఉంటాయి. ఇంత తేలికైన లెక్క కాబట్టే అందరికీ ఆశ పుడుతుంది. కానీ డెఫ్‌లో బైయురెట్ (యూరియా తయారీలో పుట్టే మలినం) 0.3 శాతం మించకూడదు, పొలం యూరియాలోనేమో 1.5 శాతం దాకా ఉండొచ్చు. పైగా 2015 నుంచి దానికి వేపనూనె పూత కూడా. డెఫ్‌లో కిలోకు కాల్షియం అర మిల్లీగ్రాము దాటకూడదు, మన బోరు నీళ్లలో లీటరుకే పదుల మిల్లీగ్రాములుంటుంది. ఆ కాల్షియం, సోడియం కాలి పోయేవి కావు. దిమ్మ మీద చేరి కూర్చుంటాయి, కడిగినా నమ్మకంగా వదలవు.

ద్రవం చిక్కదనం చూసే రిఫ్రాక్టోమీటర్‌లో 32.5 చూపించిందని మురిసిపోవద్దు. అది యూరియా శాతం చెబుతుంది, మలినాల సంగతి చెప్పదు.

ఇంకో సంగతీ ఉంది. 45 కిలోల పొలం యూరియా బస్తా రూ. 266.50కే దొరుకుతోందంటే అది రైతుకిచ్చే సబ్సిడీ. 2025 ఖరీఫ్‌లో తెలంగాణలో రైతులు చెప్పులు వరసలో పెట్టి నిలబడింది ఆ బస్తా కోసమే. దాన్ని లారీలో పోయడం నేరం కూడా.

పొగను కొలిచే సెన్సార్‌ను మోసం చేసే ఎమ్యులేటర్ అనే పరికరం బిగిస్తామనే మెకానిక్‌లూ ఉన్నారు. బిగిస్తే హెచ్చరిక లైటు ఆరిపోతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం అలాగే బయటికి పోతుంటాయి. దీన్ని పొదుపు అనలేం.

డ్రైవర్‌కి ఫోన్ చేసినప్పుడు రెండు మాటలు చెప్పండి. డెఫ్ ట్యాంకులో పొరపాటున డీజిల్ పోస్తే తాళం తిప్పొద్దు, తిప్పితే పంపు దాన్ని లైన్లోకి లాగేస్తుంది. బండి ఆపగానే బ్యాటరీ స్విచ్ కట్ చేయొద్దు. ఇంజిన్ ఆగాక ఆ పంపే లైన్లో మిగిలిన డెఫ్‌ను వెనక్కి లాక్కుంటుంది. అందుకు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. అంతలోనే కట్ చేస్తే నాజిల్ మూతి దగ్గర ఎండిన యూరియా ఉప్పులా గట్టిపడి, మర్నాడు పొద్దున్నే ఎర్ర లైటు వెలుగుతుంది.