రిజర్వ్ లైన్‌బ్యాకర్ల పోటీ ఒట్టి తంతేనా?

ఆగస్టు చివర్లో అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు 90 మందిని 53కి కుదించే వారం వచ్చిందంటే చాలు, డిఫెన్స్‌లో ముందు వరస వెనక నిలబడే లైన్‌బ్యాకర్ల గురించి అభిమానుల మధ్య ఒక మాట జోరుగా తిరుగుతుంది: "రిజర్వ్ లైన్‌బ్యాకర్ల పోటీ ఒట్టి తంతు. ఎవరుండాలో డ్రాఫ్ట్ రోజే తేల్చేస్తారు. కాకపోతే ప్రీసీజన్ సన్నాహక మ్యాచ్‌ల్లో బంతి పట్టినవాళ్లను పడగొట్టి అన్ని టాకిల్స్ చేసినవాణ్ని ఎందుకు పంపేస్తారు? ఉన్నవాడు చేసేది బెంచీ మీద కూర్చోవడమే. తీసేశారా, ఇక ఇంటికే."

డ్రాఫ్ట్, అంటే కాలేజీ కుర్రాళ్లను జట్లు రౌండ్లవారీగా ఎంచుకునే తంతు, ఆ విషయంలో కొంత నిజముంది. మొదటి రెండు మూడు రౌండ్లలో తీసుకున్న కుర్రాణ్ని తొలి ఏడాదే వదులుకోవడం అరుదు. ఆరు, ఏడు రౌండ్ల వాళ్లకు మాత్రం ఆ ధీమా ఉండదు. వాళ్లకిచ్చే బోనస్ చిన్నది కాబట్టి, పంపేసినా జట్టుకు పెద్దగా పోయేదేమీ లేదు. అసలు డ్రాఫ్టే కానివాళ్లు ఎంతమంది నిలబడలేదు? లండన్ ఫ్లెచర్‌ను 1998లో ఎవరూ ఎంచుకోలేదు. 16 సీజన్లలో ఒక్క మ్యాచ్ తప్పకుండా 256 ఆడాడు. జేమ్స్ హారిసన్ 2002లో డ్రాఫ్ట్ కాలేదు, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అతన్ని పదేపదే వదిలేసింది. 2008లో అదే హారిసన్ లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు.

టాకిల్స్ లెక్కతో వాదించేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. బంతి పట్టినవాడు ఎనిమిది గజాలు దూసుకెళ్లాక పడేసినా, ఆట మొదలైన గీత దగ్గరే ఆపేసినా కాగితం మీద ఒకే టాకిల్. పైగా నాలుగో క్వార్టర్‌లో ఎదుట ఉండేది రేపోమాపో తీసేయబోయేవాళ్లే. కోచ్‌లు వీడియోలో వెతికేది వేరు: తనకప్పగించిన సందు మూశాడా, పాస్ అని తెలిసిన క్షణంలో వెనక్కి తగ్గాడా?

అన్నిటికన్నా అన్యాయమైనది బెంచీ మాట. ఇప్పుడు చాలా ఆటల్లో డిఫెన్స్ ఐదుగురు వెనుక కాపలాదారులతో దిగుతుంది, మైదానంలో ఉండే లైన్‌బ్యాకర్లు తరచూ ఇద్దరే. మరి నాలుగో, ఐదో లైన్‌బ్యాకర్‌కు జీతమెందుకు? బంతిని ఎదుటి జట్టుకు తన్నే ఆటల్లో, అంటే కిక్‌ఆఫ్, పంట్‌లలో, దిగే స్పెషల్ టీమ్స్ కోసం. 53 మందిలో మ్యాచ్ రోజు దిగగలిగేది గరిష్ఠంగా 48 మంది. కిక్‌లప్పుడు పనికిరాని రిజర్వ్ లైన్‌బ్యాకర్ సాధారణంగా ఆ రోజు దిగని వాళ్లలో చేరతాడు.

2024లో మారిన కిక్‌ఆఫ్‌నే చూడండి. తన్నేవాడు తప్ప మిగతా పదిమందీ ఎదుటి జట్టు 40 గజాల గీత మీద నిలబడతారు. ఐదు గజాల అవతల, 35 దగ్గర, అడ్డుకునేవాళ్లు. బంతి నేలను గానీ మనిషిని గానీ తాకేదాకా ఈ రెండు వరసలూ కదలకూడదు. తాకగానే ఒళ్లూ ఒళ్లూ ఢీకొంటాయి. పాత పద్ధతిలో దూరం నుంచి పరుగెత్తి రావడం ముఖ్యం, ఇప్పుడు చేతులతో అడ్డును విదిలించుకుని పక్క సందులోకి జారడం ముఖ్యం. అది అచ్చంగా లైన్‌బ్యాకర్ విద్య. 2023లో 22 శాతం దగ్గరున్న కిక్‌ఆఫ్ రిటర్న్‌లు (తన్నిన బంతిని పట్టి ఎదురు పరుగెత్తడం) 2024లో దాదాపు 33 శాతానికి చేరాయి. అంటే ఆ కుర్రాళ్ల పని పెరిగిందే గానీ తగ్గలేదు. ప్రతి కిక్‌కీ ఒళ్లు హూనం చేసుకునేవాణ్ని బెంచీ మనిషి అనడం నాకు మింగుడుపడదు.

తీసేస్తే ఇంటికే అన్నదీ తప్పే. నాలుగేళ్ల సర్వీసు లేనివాణ్ని వదిలితే ముందు వేవర్స్‌లోకి వెళతాడు, మిగతా 31 జట్లలో ఏదైనా తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతే, 53 మందికి బయట జట్టుతో సాధన చేసే 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంది. అక్కడినుంచి ఒక సీజన్‌లో మూడుసార్లు వరకు మ్యాచ్‌కు పిలిపించుకోవచ్చు, ఆపైన ఆడించాలంటే 53లో చోటివ్వాల్సిందే.

అలెక్స్ సింగిల్టన్‌నే తీసుకోండి. 2015లో డ్రాఫ్ట్ కాలేదు. సియాటిల్, న్యూ ఇంగ్లండ్, మిన్నెసోటా మూడూ వదిలేశాయి. కెనడా లీగ్‌కు వెళ్లి కాల్గరీకి ఆడాడు, 2017లో అక్కడ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. 2019లో ఫిలడెల్ఫియా ఈగల్స్ పిలిచింది, ఆగస్టులో తీసేసి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టింది. అక్టోబర్‌లో పైకి తెచ్చింది, ఎక్కువగా ఆడించింది స్పెషల్ టీమ్స్‌లోనే. మరుసటి ఏడాది ఈగల్స్‌లో అందరికన్నా ఎక్కువ టాకిల్స్ అతనివే.