తెల్ల కన్ను కనబడగానే బేర్స్ పోచార్డ్ అనేయకండి

చలికాలం వచ్చిందంటే పక్షులు చూసేవాళ్ల మధ్య ఒక సూత్రం తిరుగుతుంటుంది: "తెల్ల కన్ను, తోక కింద తెలుపు, ఆకుపచ్చగా మెరిసే తల ఉంటే అది బేర్స్ పోచార్డే. ఒక్క ఫోటో చాలు." 2012 నుంచి ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న బాతు ఇది. ప్రపంచం మొత్తమ్మీద చాలా కొద్దిగానే మిగిలాయి. అలాంటి పక్షిని ఇంత తేలిగ్గా తేల్చేయడం తప్పు.

ముందు కన్ను సంగతి. దీన్ని పోలిన మరో బాతు ఫెర్రుజినస్ పోచార్డ్. దాని మగదానికీ తెల్ల కన్నే. దక్షిణాసియాలో చలికాలం కనబడేది ఎక్కువగా అదే. బేర్స్ ఆడపక్షి కన్నేమో ముదురు రంగు. ఈ గుర్తునే నమ్ముకుంటే లేని పక్షిని రాసుకుంటాం, ఉన్న ఆడపక్షిని వదిలేస్తాం.

తోక కింద తెలుపు ఈ రెండింటికీ ఉంటుంది. టఫ్టెడ్ డక్ అనే ఇంకో బాతు ఆడవాటిలోనూ కొన్నింటికి ఉంటుంది. దాంతో తేలేదేమీ లేదు.

ఆకుపచ్చ మెరుపు నిజమే, కానీ వెలుతురు సరిగ్గా పడాలి. మబ్బు పట్టిన రోజు ఆ తల ఉత్త నలుపు. దానికంటే మెడ కింద చూడండి: బేర్స్ మగదానికి తల నలుపు ఆగిన చోట ఎర్రగోధుమ రొమ్ము మొదలవుతుంది. ఫెర్రుజినస్‌కి తలా రొమ్మూ ఒకటే ఎర్రగోధుమ.

అసలైన గుర్తు ఒంటి పక్కల్లో ఉంది, సూత్రంలో దాని ఊసే లేదు. బేర్స్‌కి పొట్ట తెలుపు రొమ్ము వెనక నుంచి పక్కల మీదికి ఎక్కి, నీటి పైన తెల్ల మచ్చలా కనబడుతుంది. ఫెర్రుజినస్ పక్కలు పూర్తిగా గోధుమ రంగే. ఒక్క ఫోటో చాలదనేది కూడా ఇందుకే. మునిగి మేత వెతికేటప్పుడు ఈకలు ఒంటికి అతుక్కుని, ఒళ్లు నీళ్లలోకి దిగి, బేర్స్ తెలుపు మాయమవుతుంది. ఫెర్రుజినస్ ఈకలు సవరించుకుంటూ పక్కకి ఒరిగితే దాని పొట్ట తెలుపు బయటపడుతుంది. సరిగ్గా ఆ క్షణాన తీసిన ఫోటో ఎవరినైనా తప్పుదారి పట్టిస్తుంది. పక్షి కదలకుండా తేలుతూ విశ్రాంతి తీసుకునేదాకా ఆగండి. తల ఆకారం తెలిసేదీ అప్పుడే: ఫెర్రుజినస్ నడినెత్తి ఎత్తుగా గోపురంలా లేస్తుంది, బేర్స్ తల గుండ్రంగా ఉంటుంది, ముక్కు కాస్త పొడవు.

ఇన్ని కలిసినా చిక్కు తీరకపోవచ్చు. ఈ రెండు జాతులకీ సంకరాలున్నాయి. పక్కల తెలుపు కొంచెమే ఉండి చెంపల్లో ఎర్రగోధుమ ఛాయ కనబడితే అది సంకరం కావచ్చు, ఇంకా పూర్తి రంగు రాని లేత బేర్స్ మగపక్షీ కావచ్చు. అలాంటప్పుడు "బేర్స్ అయ్యుండొచ్చు, తేలలేదు" అని రాసి, బాగా రాని ఫోటోలతో సహా అన్నీ జతచేయండి.