కర్వ్ నంబర్ గారి దివ్య సముఖానికి

పడిన వానలో నేల మీద ఎంత పారుతుందో తేల్చే మహారాజశ్రీ కర్వ్ నంబర్ గారికి, హైడ్రాలజీ (నీటి శాస్త్రం) పరిశోధక విద్యార్థి అనేక నమస్కారాలతో రాసుకొనే విన్నపం. ఉభయకుశలోపరి.

ఇక్కడ నేను క్షేమం. తమరు 78 దగ్గర క్షేమంగా ఉన్నారని నాకు తెలుసు, రాత్రి తమర్ని అక్కడికి దించింది నేనే కాబట్టి. మొన్న తమరు 75. నిన్న పగలు 83. ఈ మూడు రోజుల్లో మా వాటర్‌షెడ్‌లో, అంటే మా వాగుకు నీళ్లు చేర్చే నేలంతటిలో, ఒక చెట్టు పడలేదు, ఒక చాలు దున్నలేదు. మారిందల్లా నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం.

తమ మహిమ చెప్పతరమా! కొండవాలు, దాని మీద మట్టి, మట్టి మీద మొక్క, మొక్క కింద రాలిన ఆకు, ఆ ఆకు కింద తన పని తాను చూసుకుంటున్న వానపాము, ఇంతమందినీ ఒక్క అంకెలో కూర్చోబెట్టేస్తారు. సున్నా అయితే పడిన చుక్క పడినట్టే నేల మింగేసిందని అర్థం. వంద అయితే ఒక్క చుక్కా ఇంకలేదని. తారు రోడ్డుకు 98 ఇచ్చారు. ఆ రెండు మార్కులు ఎందుకు కోశారని మొదటి ఏడాది అడిగాను. క్లాసంతా నవ్వింది.

తమరి దాకా రావడానికి చాలా దూరం నడిపిస్తారు మమ్మల్ని. 1856లో డార్సీ ఇసుక నింపిన గొట్టాల్లోంచి నీళ్లు పంపి కొలిచిన సంగతి చదివాం. వాన జోరు నేల ఇంకించుకునే వేగాన్ని దాటితేనే నీళ్లు పైన పారతాయని 1933లో హోర్టన్ చెప్పిన మాట బట్టీ పట్టి, పది మార్కుల ప్రశ్నకు బొమ్మతో సహా రాశాం. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, సెమిస్టర్ చివర్లో, తమరు బోర్డు మీదికి వచ్చారు. అంతే, హోర్టన్ అటకెక్కాడు. 100 మిల్లీమీటర్ల వాన గంటలో దంచి కొట్టినా, రోజంతా తుంపరగా కురిసినా తమ సమీకరణంలో పారే నీళ్లు ఒక్కటే. అందులో గడియారానికి చోటు లేదు. వాన రాకడ ఎవరికీ తెలియదంటారు గానీ, అది వచ్చాక ఎంతసేపు ఉందో కూడా తెలుసుకోనక్కర్లేదని తమరే నేర్పారు.

పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుతున్నానని కోపగించుకోకండి. అమెరికా సాయిల్ కన్జర్వేషన్ సర్వీసులో, 1950లలో, విక్టర్ మాకస్ అనే ఇంజినీరు చేతుల్లో పెరిగారు తమరు. 1954లో అక్కడ చిన్న వాటర్‌షెడ్ల రక్షణకు చట్టం వచ్చింది. కట్టాల్సిన గట్లు వందలు, వాగుల దగ్గర కొలతలు అంతంతమాత్రం. మట్టి పటం, భూమి వాడకం, రోజు వాన చాలు, జవాబు చెప్తానని ముందుకొచ్చింది తమరే. అక్కడి చిన్న చిన్న వ్యవసాయ పరీవాహకాల కోసం పుట్టిన తమర్ని తర్వాత లోకమంతా ఎత్తుకుపోయింది. అడవికి, ఎడారికి, నగరానికి, నదికి అన్నిటికీ తమరే. వద్దనడం తమ స్వభావంలో లేదు మరి.

ఆ 0.2 సంగతి కూడా మనలో మనం మాట్లాడుకుందాం. వాన మొదలవగానే ఆకుల మీదా, గుంటల్లోనూ, పొడి నేలలోనూ ఆగిపోయే మొదటి వాటా, నేల పట్టుకోగల మొత్తంలో సరిగ్గా ఐదో వంతని తమ శాసనం. దాని వెనకున్న గ్రాఫు తమ హ్యాండ్‌బుక్కులోనే ఉంది, చూశాను. పదెకరాలు కూడా లేని పరీవాహకాల నుంచి తెచ్చిన చుక్కలు, కాగితం నిండా చెల్లాచెదురుగా. సగం చుక్కలు 0.095కీ 0.38కీ మధ్య ఉన్నాయి, మిగతా సగం ఆ హద్దులు కూడా దాటేశాయి. వాటి మధ్యలోంచి నిబ్బరంగా ఒక గీత! 2003లో కొందరు పరిశోధకులు లెక్కలు మళ్లీ తిరగేసి 0.05 అయితే మేలన్నారు. మా ప్రశ్నపత్రం మాత్రం 0.2తోనే ప్రశాంతంగా ఉంది.

తమ జ్ఞాపకశక్తి గురించి రెండే మాటలు. పాత లెక్కలో వానకు ముందు నేల తడి ఎంతో తేల్చడానికి వెనక్కి ఐదు రోజులు చూస్తారు. ఆరో రోజున కుంభవృష్టి పడినా తమకు గుర్తుండదు. ఐదు రోజుల వాన మొత్తం గీతకు ఇటు ఉంటే తమరు 80, అటు దాటితే అదే నేలకు 91. మధ్యలో మెట్లు కూడా లేవు.

ఇప్పుడు అసలు నా బాధ. మట్టికీ భూమి వాడకానికీ తగ్గ అంకెలు అచ్చేసిన టేబుల్లోంచి తమర్ని తీసుకోకుండా నేలనే అడుగుదామని ఒకసారి బుద్ధి పుట్టింది. నేలలో నీళ్లు ఇంకే వేగం కొలిచే డబుల్ రింగ్ ఇన్‌ఫిల్ట్రోమీటర్ భుజాన వేసుకుని పోయాం ముగ్గురం. బయటి రింగు 60 సెంటీమీటర్లు, లోపలిది 30. పైన చెక్క పెట్టి సుత్తితో కొట్టి దింపాలి. పక్కకు ఒరగకుండా దింపేసరికి చొక్కాలు తడిసిపోయాయి. ఒక పొద పక్కన దింపి నీళ్లు పోశాం. స్కేలు పెట్టేలోపే లోపలి రింగులో మట్టి కనపడింది. ఇంకో క్యాన్ పోశాం. గుటగుటమని శబ్దం! 20 లీటర్ల క్యాన్లు నాలుగు ఖాళీ అయ్యాక రింగు తవ్వి చూస్తే, అడుగున వేలు పట్టేంత సొరంగం, దాని అంచున తెల్లగా చెదపురుగులు. పది అడుగుల అవతల, మనుషులు తొక్కీ తొక్కీ గట్టిపడ్డ కాలిబాట మీద రెండో రింగు దింపాం. గంటలో నీళ్లు మూడు మిల్లీమీటర్లు దిగాయి. అందులో ఎండ తాగింది ఎంతో చెప్పలేను.

నీళ్లు ఇంకే తీరును బట్టి నేలల్ని గ్రూపులు చేసే మట్టి పటంలో ఈ రెండు చోట్లూ ఒకే గ్రూపు: బి.

నోటుబుక్కు పట్టుకెళ్లి మా గైడు గారి ముందు పెట్టాను.

"చెదపురుగుల మీద విడిగా అధ్యాయం రాస్తావా ఏమిటి? టేబుల్ చూసి వేసెయ్."

"రెండు రీడింగులకూ సగటు తీస్తే సార్..."

"తీయ్. ఆ సగటు నేల ఎక్కడుందో నాకు చూపించు."

"టేబుల్లో ఉన్నది కూడా సగటే కదా సార్."

"అది అచ్చయిన సగటు."

దాంతో నా నోరు పడిపోయింది. ఆయన్ని అనడానికేమీ లేదు లెండి. నా రెండు రింగులతో వాగుకు వరద లెక్క కట్టగలనా అంటే కట్టలేను. కొలిచే కేంద్రమంటూ లేని వాగులే ఎక్కువ. వాటి దగ్గరికి పిలవగానే వచ్చేది తమరొక్కరే. గుడ్డిలో మెల్ల.

కాకపోతే తమరు కొంచెం ఒళ్లు కదిపితే అవతల ఎంత కదులుతుందో తమకు తెలుసో లేదో. 100 మిల్లీమీటర్ల వానకు 75 పెడితే 41 మిల్లీమీటర్లు పారుతుంది. 80 పెడితే 50 దాటుతుంది. 10 చదరపు కిలోమీటర్ల వాటర్‌షెడ్‌కు ఆ తేడా సుమారు 94 వేల ఘనమీటర్ల నీళ్లు. బి నేల మీది అడవిని "బాగుంది" అంటే 55, "బాగోలేదు" అంటే 66. ఆ అడవిని నేను చూసింది కంప్యూటర్ తెరమీద, భోజనానికి ముందు. ఆకలి మీద ఉన్నవాడికి ఏ అడవి బాగుంటుంది చెప్పండి?

తెర అంటే గుర్తొచ్చింది. వాగు ఎటు పారుతుందో గీయడానికి ముందు ఎత్తుల పటంలో గుంటలన్నీ పూడ్చమంటుంది సాఫ్ట్‌వేర్. బటన్ నొక్కితే నిజమైన చెరువొకటి కూడా పూడిపోయింది. సూపర్‌వైజర్లెవరూ గమనించలేదు. నేనూ చెప్పలేదు.

చివరికి తమర్ని 78 దగ్గర ఎందుకు ఆపానో చెప్పాలి. మోడల్ లెక్క కొలిచిన ప్రవాహానికి ఎంత సరిపోయిందో చెప్పే నాష్-సట్‌క్లిఫ్ విలువ అక్కడ 0.61 వచ్చింది. 1970 నుంచీ మా మంచిచెడ్డలు తేల్చేది ఆ విలువే. ఒకటి వస్తే మోడల్ అచ్చం వాగే. సున్నా వస్తే ఇంత కష్టపడకుండా సగటు ప్రవాహం దగ్గర అడ్డంగా ఒక గీత గీసి పడుకున్నా అదే ఫలితం. 0.61 అంటే పడుకోవడం కన్నా మేలు చేశాననే. 75 దగ్గర వరద శిఖరం కుంగిపోయింది, 83 దగ్గర ఆకాశానికి లేచింది. 78 దగ్గర "కొలిచిన" ప్రవాహం మీద కుదురుగా కూర్చుంది.

కొలిచిన అన్నాను గానీ, ఆ పెద్ద వరద రోజున నీళ్ల వేగం ఎవరూ కొలవలేదు. ఆ ఉధృతిలో దిగేదెవరు? స్కేలు మీద నీటిమట్టం చూసి రాసుకున్నారు. ఏ మట్టానికి ఎంత ప్రవాహమో చూపేలా మామూలు రోజుల కొలతలతో గీసిన రేటింగ్ కర్వ్ అనే గీతను పైకి పొడిగించి, ఆ మట్టానికి ఇంత ప్రవాహమని తేల్చారు. అంటే ఒక గీతను ఇంకో గీతకు సరిపోయేలా మూడు రోజులు నిద్ర మానుకుని వంచాను. దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. ఇదే పని పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు చూసి చేస్తే దాని పేరు వేరు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. వచ్చే వారం వైవా. అప్పటిదాకా 78 దగ్గరే కదలకుండా ఉండండి. బయటి నుంచి వచ్చే పరీక్షకుడు "ఈ విలువ ఎలా తీసుకున్నావు?" అని అడుగుతారు, తప్పదు. "టేబుల్లోంచి తీసుకుని క్యాలిబ్రేట్ చేశాను సార్" అంటాను. ఆయన తల ఊపుతారు. తమరూ ఊపండి.

ఇట్లు,
తమ పోషణలో ఉన్న
ఒక పరిశోధక విద్యార్థి

తా.క.: ఆ రోజు తవ్విన గుంటలోకి రింగు మళ్లీ జారవిడిచి, మట్టి తొక్కేసి వచ్చేశాం, మోసే ఓపిక లేక. మొన్న పెద్ద వాన వెలిసిన అరగంటకు వెళ్లి చూశాను. కాలిబాట పొడుగునా నీళ్లు నిలిచి ఉన్నాయి. రింగులో మాత్రం చుక్క లేదు. తేదీ, సమయం నోటుబుక్కులో రాసుకున్నాను. నాలుగో అధ్యాయంలో వేయలేదు.